గోల్‌కి ఎడమ మూల

జూన్ 2, ఆదివారం

సీజన్‌కి ముందు మొదటి ప్రాక్టీసు. టర్ఫ్ మీద నీళ్ళు కొట్టి ఉంచారు. ప్యాడ్లు, బూట్ల మీద కిక్కర్లు, ఛాతీకి గార్డు, హెల్మెట్ అన్నీ తగిలించుకుని గోల్ ముందు నిలబడగానే ప్రాణం లేచొచ్చింది. పగలంతా జానెడు దూరంలో ఎవరిదో ఒక నోరు, ఆ నోట్లో ఒక పన్ను, ఆ పన్నులో ఒక గుంట. అదే నా లోకం. గోల్ ముందు నిలబడితే మైదానం ఆ చివరిదాకా కనిపిస్తుంది. అందుకే ఆడతాను. నలభై దాటిన పళ్ళ డాక్టరుకి ఇంకా ఈ హాకీ ఏమిటని అడిగేవాళ్ళకి మాత్రం ఈ మాట చెప్పను. వ్యాయామం అంటాను.

బాగానే ఆడాను. తడి ఎక్కువై కాస్త కాలు జారింది, అంతే.

అదే రోజు, మళ్ళీ

బాగా ఆడలేదు. పడిన గోల్స్ అన్నీ ఎడమవైపే పడ్డాయి. నేలబారుగా, ఎడమ స్తంభాన్ని రాసుకుంటూ. కుడివైపు వచ్చిన వాటిలో ఒక్కటీ వదల్లేదు. ఎడమకి వచ్చే బంతి కనిపిస్తూనే ఉంటుంది, నేను అక్కడికి చేరేలోపు అది లోపలికి పోతుంది. మెడ తిరగదు. మెడ తిరగాలంటే భుజాలు తిరగాలి, భుజాలు తిరగాలంటే నడుము తిరగాలి, నడుము తిరగాలంటే ఇద్దరు మనుషులు వచ్చి నన్ను బీరువాలా జరపాలి.

కెప్టెన్ చూసేసింది. కెప్టెన్ అంటే మా ఆడపడుచే. మావారి చెల్లెలు, అత్తయ్యకి ఒక్కగానొక్క కూతురు. పెళ్ళికి ముందే మేమిద్దరం ఒకే జట్టు. నన్ను వాళ్ళన్నయ్యకి చూపించింది కూడా ఆవిడగారే. ప్రాక్టీసు అయ్యాక స్టిక్ సంచిలో పెట్టుకుంటూ, "వదినా, నీ ఎడమవైపు తలుపు బార్లా తెరిచే ఉంటోంది. కాస్త గడియ పెట్టుకో," అంది. నవ్వుతూనే అంది. నేనూ నవ్వాను.

ఈసారి ఇంకో గోల్‌కీపర్ కూడా వచ్చింది. కాలేజీ పిల్ల. చేతులు చాపితే రెండు స్తంభాలూ అందేలా ఉంది. పేరు చెప్పింది గానీ నా నోటికి పొడుగమ్మాయి అనే వస్తోంది.

జూన్ 4

దిండు మార్చాను. అంతా ఆ దిండు వల్లే.

జూన్ 5

కొత్త దిండు మరీ మెత్తన.

జూన్ 6

దిండే లేకుండా పడుకున్నాను. దిండు కాదు.

జూన్ 11

ఈరోజు ఒక పేషెంటు నా కుర్చీలోంచి లేచి పారిపోయాడు. చిన్నపిల్లాడేం కాదు. తలుపులోంచి పక్కకి తిరిగి లోపలికి రావలసినంత మనిషి. నా పిడికిలికి రెండింతలు ఉంటుంది అతని పిడికిలి. కింది దవడలో చివరి పన్ను పూర్తిగా పుచ్చిపోయింది, తీసెయ్యడం తప్ప వేరే దారి లేదు. ఆ మాట చెప్పగానే ముఖం పాలిపోయింది. నేను అసిస్టెంటమ్మని ట్రే తెమ్మన్నాను.

"డాక్టరుగారూ, మీరు ఆవిణ్ణి పిలవడానికి తల తిప్పరేం? మొత్తం మనిషే తిరుగుతున్నారు," అన్నాడు.

"ముందు మీ పన్ను సంగతి చూద్దాం."

"ఎన్నాళ్ళ నుంచీ ఇలా? కుడి పక్కకి ఒరిగి నిలబడుతున్నారు కూడా. నేను కైరోప్రాక్టర్ని లెండి. వెన్నెముక, కీళ్ళు, ఇవే నా పని. బస్టాండు వెనక ఇస్త్రీ కొట్టు ఉందే, దాని పై అంతస్తు."

"నోరు తెరవండి."

తెరిచాడు. సూది చూశాడు. "ఒక్క నిమిషం, ఫోనొస్తోంది," అన్నాడు. ఏ ఫోనూ రాలేదు. మెడకి కట్టిన నాప్‌కిన్‌తో సహా వీధిలోకి వెళ్ళిపోయాడు.

"మనుషుల ఎముకలు విరిచే ఆయనకి ఇంత సూదంటే భయమా మేడమ్!" అని అసిస్టెంటమ్మ కడుపు పట్టుకుని నవ్వింది. నాకూ నవ్వాగలేదు. ఎడమ చేతివైపు ఉన్న టవల్ అందుకోబోయేదాకా.

జూన్ 16, ఆదివారం

ఈరోజూ అంతే.

అందరూ వెళ్ళాక ఆడపడుచు నన్ను ఆపింది. "ఇంట్లో మాట కాదు వదినా, కెప్టెన్‌గా చెప్తున్నా. ఆగస్టులో లీగ్ మొదలు. మొదటి మ్యాచ్ ఎవరితోనో తెలుసుగా. పోయినేడు మన మీద పెనాల్టీ కార్నర్లన్నీ నీ ఎడమ మూలకే కొట్టారు. ఈసారీ అక్కడికే కొడతారు. జూలై అయ్యేలోపు నువ్వు దాన్ని సరిచేసుకోకపోతే కొత్త పిల్లని పెడతాను."

"పెట్టుకో. జట్టు ముఖ్యం," అన్నాను. ఎంత పెద్దమనసుతో అన్నానో! ఇంటికొచ్చి పప్పు మాడబెట్టాను.

అత్తయ్య విషయం పసిగట్టింది. "కూతురు కోడల్ని తీసేస్తే నేనెవరి పక్షాన మాట్లాడాలమ్మా? మీరిద్దరూ ఏ ఆటైనా ఆడుకోండి, మధ్యలో నన్ను బంతిని మాత్రం చెయ్యకండి."

మావారు ఏమీ అనలేదు. చెల్లెలికీ భార్యకీ మధ్య ఆయన ఏనాడూ ఏమీ అనరు. అందుకే ఇంట్లో అందరికీ ఆయనంటే ఇష్టం.

జూన్ 18

బస్టాండు వెనక చిన్న పనుండి వెళ్ళాను. ఇస్త్రీ కొట్టు కనిపించింది.

జూన్ 19

మళ్ళీ అటే పని పడింది. నాలుగు చీరలు ఇస్త్రీకి ఇచ్చాను.

జూన్ 20

చీరలు తెచ్చుకున్నాను. మడత బాగా పెట్టాడు. పై అంతస్తుకి వెళ్ళలేదు. భయమని కాదు. ఆయన ఉన్నాడో లేడో తెలియదు కదా.

జూన్ 21

ఉన్నాడు.

చిన్న గది. మధ్యలో నల్ల రెక్సిన్ బల్ల, ముఖం పెట్టుకోవడానికి ఒక చివర గుండ్రటి కన్నం. గోడ మీద వెన్నెముక బొమ్మ. నన్ను చూడగానే చెయ్యి దవడకి పోయింది. బుగ్గ వాచి ఉంది. "పన్ను కోసం వచ్చారా?" అన్నాడు బిక్కమొహంతో. లేదు, మెడ కోసం అన్నాను. అప్పుడు మనిషి మారిపోయాడు. నిలబడమన్నాడు, వంగమన్నాడు, ఒంటికాలి మీద ఉండమన్నాడు, కూర్చోబెట్టి అటూ ఇటూ తిప్పాడు. కాళ్ళూ చేతులూ తిమ్మిర్లు ఎక్కుతాయా, తల తిరుగుతుందా, ఎప్పుడైనా పడ్డారా, అన్నీ అడిగాడు.

"మీ మెడకి పెద్దగా ఏం కాలేదు డాక్టరుగారూ. నడి వీపు బిగిసిపోయింది, ఎడమ తుంటి బిగిసిపోయింది. వాటి పని కూడా మెడే చేస్తోంది పాపం. ఏళ్ళ తరబడి కుడి పక్కకి వంగి పళ్ళు పీకితే అంతే మరి."

చదువుకున్నదాన్ని, ఊరికే నమ్మను. "ఇదంతా ఎంతవరకు నిజం?" అని ముఖం మీదే అడిగేశాను.

కోప్పడలేదు. "నా చేత్తో షుగరు తగ్గదు, చూపు రాదు. అలా చెప్పుకునేవాళ్ళుంటే వాళ్ళనడగండి. బిగిసిన కీలు కదులుతుంది, నొప్పి తగ్గొచ్చు. నా హద్దు అంతే. మీ మెడనైతే నేనసలు విరవను. ముందు ఎక్స్‌రే తీయించుకుని, ఎముకల డాక్టరుకి చూపించి రండి. ఆయన సరేనంటేనే నేను చెయ్యేసేది. ఇవాళ ఊరికే పడుకోండి, వీపు ఎక్కడ బిగిసిందో చూస్తాను."

పడుకున్నాను. వీపు మీద ఆ పెద్ద అరచెయ్యి ఆనింది. ఆయన ఇంకా నొక్కనైనా నొక్కలేదు. నేను లేచి నిలబడి చెప్పులేసుకున్నాను. ఎలా లేచానో నాకే తెలియదు. "క్లినిక్‌లో పేషెంటు ఎదురుచూస్తున్నారు," అన్నాను.

ఆయన వాచిన బుగ్గతోనే పకపకా నవ్వాడు. "నాకు ఫోనొచ్చింది, మీకు పేషెంటొచ్చారు. సరిపోయింది. ఒక ఒప్పందం చేసుకుందామా? మీరు నా బల్ల మీద పడుకోండి, నేను మీ కుర్చీలో కూర్చుంటాను. ఎవరు పారిపోయినా రెండోవాళ్ళు ఊరంతా చెప్పొచ్చు."

ఒప్పుకున్నాను. ఆయన పన్ను పరిస్థితి చూస్తే జాలేసింది. అందుకే ఒప్పుకున్నాను.

జూన్ 25

ఎక్స్‌రే బాగానే ఉంది. ఎముకల డాక్టరు సరే అన్నారు. ఇక సాకులేమీ మిగల్లేదు.

ముందెవరని టాస్ వేశాం. నేను ఓడిపోయాను.

పక్కకి తిప్పి పడుకోబెట్టాడు. పై కాలు మడిచి, భుజం వెనక్కి పెట్టి, "గాలి పీల్చండి. ఇప్పుడు మెల్లగా వదలండి," అన్నాడు. రోజూ నేను చెప్పే మాటే. చెప్పడం ఎంత తేలికో! వదిలాను. టప్‌మని చప్పుడైంది. గాజులు చిట్లినట్టు ఉంటుందనుకున్నాను. కాదు. ఏళ్ళుగా ఇరుక్కుపోయిన సొరుగు ఒక్క గుంజుకి ఊడొచ్చినట్టు ఉంది. బోర్లా పడుకోబెట్టి నడి వీపు మీద ఇంకోసారి. అరిచాననుకుంటా. నొప్పికి కాదు. కింద ఇస్త్రీ కొట్టాయన పెట్టె చప్పుడు కాసేపు ఆగిపోయింది.

"కూర్చుని ఎడమకి చూడండి," అన్నాడు.

చూశాను. అక్కడొక కిటికీ ఉంది! అందులోంచి ఎదురు డాబా, నీళ్ళ ట్యాంకు, దండెం మీద బట్టలు ఆరేస్తున్న ఒకావిడ. "ఈ కిటికీ ఎప్పుడు పెట్టించారు?" అన్నాను. నా భుజం తట్టి నవ్వాడు.

కిందికొచ్చి కారు వెనక్కి తీస్తూ భుజం మీదుగా వెనక్కి చూశాను. ఏడాదిగా అద్దాలతోనే నెట్టుకొస్తున్నాను. అవసరం లేకపోయినా ముందుకి తీసి మళ్ళీ వెనక్కి తీశాను. ఇస్త్రీ కొట్టాయన బయటికొచ్చి, "చోటు చాలడం లేదామ్మా?" అన్నాడు. బోలెడు చోటుంది బాబూ, బోలెడు!

జూన్ 27

ఆయన వంతు. యాంటీబయాటిక్స్ వాడాక వాపు తగ్గింది. సమయానికే వచ్చాడు, అయితే మెట్ల మీద కూర్చుండిపోయాడు. అసిస్టెంటమ్మ వెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. పెళ్ళిపీటల మీదికి తెచ్చినట్టు తెచ్చింది.

"ఊరంతా చెప్పేస్తాను," అన్నాను.

"చెప్పండి. ఊళ్ళో సగం మందికి నేను భయస్థుణ్ణని ముందే తెలుసు."

"గాలి పీల్చండి. ఇప్పుడు మెల్లగా వదలండి."

కళ్ళు గట్టిగా మూసుకుని, చిన్నప్పుడెప్పుడో నేర్చుకున్న ఎక్కాలు ముక్కుతో చదవడం మొదలుపెట్టాడు. పదమూడో ఎక్కం మధ్యలో పన్ను ఊడొచ్చింది. ఆయనకి తెలియలేదు, చదువుతూనే ఉన్నాడు. ట్రేలో పన్ను పడిన చప్పుడుకి కళ్ళు తెరిచాడు. "అయిపోయిందా?" దూది మధ్య నుంచి మాట ముద్దముద్దగా వచ్చింది. అంత మనిషి కళ్ళనిండా నీళ్ళు పెట్టుకున్నాడు. నా చెయ్యి పట్టుకుని వదలడే.

ఎన్ని వేల పళ్ళు తీసుంటాను! ఇంత ఆనందం ఎప్పుడూ లేదు.

జూలై 1

పూర్తిగా బాగైపోయింది. రోజూ ఇంట్లో చెయ్యమని కైరోప్రాక్టరు చెప్పిన వ్యాయామాలు ఇక అక్కర్లేదు. టైము కూడా లేదు.

జూలై 7, ఆదివారం

ప్రాక్టీసు. ఎడమ, ఎడమ, ఎడమ.

పొడుగమ్మాయి ఆ వైపు బంతుల్ని కాలు చాపి ఆవలిస్తూ ఆపుతోంది. ఆవలించలేదు లెండి. నాకు అలా కనిపించింది.

జూలై 8

మేడెక్కి ఆయన్ని నిలదీశాను. "మీరు చేసింది రెండు వారాలు కూడా నిలబడలేదు!"

"టవల్ చుట్టి వీపు కింద పెట్టుకుని చెయ్యమన్నాను. చేశారా?"

"పేషెంట్లు ఎక్కువయ్యారు."

"తుంటి తిప్పేది?"

గోడ మీద వెన్నెముక బొమ్మ చూడటం మొదలుపెట్టాను.

"రోజూ పళ్ళు తోముకోకుండా నా దగ్గరికొచ్చి పన్ను పుచ్చిందని పోట్లాడితే మీరేమంటారు? నేను కదిలిస్తాను డాక్టరుగారూ. కదులుతూ ఉండాల్సింది మీరు. పైగా క్లినిక్‌లో రోజంతా అదే వంకరలో నిలబడి, ఆదివారం ఒక్కపూట తిన్నగా ఉండమంటే ఒళ్ళు వింటుందా? ముందు ఆ నిలబడటం మార్చండి."

మళ్ళీ బల్ల మీద పడుకున్నాను. ఈసారి టాస్ అడగలేదు.

జూలై 10

క్లినిక్ తలకిందులు చేశాను. పేషెంటు కుర్చీ పైకి లేపాను. ఎత్తు సరిచేసుకునే స్టూలు తెచ్చి కూర్చుని పని చేస్తున్నాను. ట్రే ఎడమకి, దీపం కుడికి. కళ్ళజోడుకి భూతద్దాలు బిగించుకున్నాను, ఇక మెడ వంచి నోట్లోకి దూరనక్కర్లేదు. అసిస్టెంటమ్మ పొద్దుటినుంచీ ప్రతి రెండు అడుగులకీ నన్నే గుద్దుకుంటోంది. "ఉన్నపళంగా ఇదేం వాస్తు మేడమ్?" అంటోంది. పాత పేషెంటు ఒక పెద్దాయన, "మీరు ఇటు మారారు సరే, నా పన్ను కూడా ఇటు మారిందా?" అని అడిగాడు.

సాయంత్రానికి ఒళ్ళంతా కొత్త చోట్ల నొప్పి. పాతచోట లేదు.

జూలై 14, ఆదివారం

హాల్లో చాప పరిచి, చుట్టిన టవల్ మీద వీపు ఆనించి అటూ ఇటూ దొర్లుతుంటే అత్తయ్య వచ్చి నిలబడింది.

"ఏమిటమ్మా ఆ పొర్లాట?"

"వీపు వదులవుతుంది అత్తయ్యా."

"నా కూతురు గోల్ కొట్టకుండా ఆపడానికా?"

"మీ కూతురు మా జట్టే. అవతలివాళ్ళు కొట్టేదాన్ని ఆపడానికి."

అత్తయ్య సోఫాలో కూర్చుని, నేను చేసినట్టే భుజాలు తిప్పడం మొదలుపెట్టింది. "నాకూ ఈ పక్క పట్టేసినట్టే ఉంటుంది," అంది. మావారు పేపరు చదువుతూ చదువుతూ మాకిద్దరికీ కనపడకుండా మెడ ఒకసారి ఎడమకి, ఒకసారి కుడికి తిప్పుకున్నారు. చూశాను. ఇప్పుడు చూడగలను కదా.

ప్రాక్టీసులో ఎడమకి కొట్టినవి సగం ఆపాను. సగం!

జూలై 21, ఆదివారం

స్నేహపూర్వక మ్యాచ్. మొదటి సగం నేను, రెండో సగం పొడుగమ్మాయి.

నాకు ఒకటి పడింది. అది ఆఫ్‌సైడ్. హాకీలో ఆఫ్‌సైడ్ లేదని నాకు తెలుసు. అయినా సరే, ఆఫ్‌సైడే.

పొడుగమ్మాయికి ఒక్కటీ పడలేదు. బాగా ఆడింది. ఈ చిన్న వాక్యం రాయడానికి ఎంతసేపు పట్టిందో.

జూలై 24

మొదటి మ్యాచ్‌కి ఎవరిని పెడుతుందో ఆడపడుచు చెప్పలేదు.

జూలై 25

చెప్పలేదు. ఇంటికొచ్చి, వంటింట్లో నా పక్కనే నిలబడి కాఫీ తాగి, కప్పు కడిగి బోర్లించి మరీ వెళ్ళింది. అది కప్పు కడగడం నేనెప్పుడూ చూడలేదు. నన్ను తీసేసినట్టే.

జూలై 26

తీసేస్తే తీసేసింది. వ్యాయామం ఆపను. ఇది నా ఒళ్ళు, నా వీపు, నా ఎడమవైపు. జట్టు కోసమే అయితే ఇంత పొద్దున్నే లేచి దొర్లనక్కర్లేదు.

(జట్టు కోసమే.)

జూలై 28, ఆదివారం

రాస్తుంటే అక్షరాలు వంకర పోతున్నాయి. అలసటకి.

పొద్దున్నే అందరినీ టర్ఫ్‌కి రమ్మంది. జట్టంతా గీత బయట వరసగా నిలబడ్డారు. ఆడపడుచు మధ్యలోకొచ్చి, "ఇద్దరు కీపర్లకీ ఒకటే పరీక్ష. పెనాల్టీ కార్నర్లకి గోల్ మీదికి నేనే ఫ్లిక్ కొడతాను. అందరూ చూడండి. తర్వాత ఎవరూ నన్నేమీ అనకూడదు," అంది. నావైపు మాత్రం చూడలేదు. అప్పుడర్థమైంది వారం నుంచీ దాని అవస్థ. తీసేస్తే ఇంట్లో గొడవ, ఉంచితే వదినని ఉంచుకుందని జట్టులో మాట.

పొడుగమ్మాయి ముందు నిలబడింది. ఎత్తు బంతులన్నీ ఆపింది. నేలబారువి రెండు వదిలింది. అంత ఎత్తునుంచి కిందికి రావాలి కదా పాపం.

తర్వాత నేను. "కీపర్ రెడీయా?" అంది. వదినా అనలేదు.

మొదటిది ఎడమకి, నేలబారుగా. కాలు వెళ్ళింది. నేను పంపకముందే వెళ్ళింది. కిక్కర్‌కి తగిలి బంతి పక్కకి ఎగిరింది. రెండోది కూడా అక్కడికే. మూడోది ఇంకా గట్టిగా. ప్రతిసారీ కన్ను, మెడ, భుజం, తుంటి, కాలు, అన్నీ ఒకే తాటి మీద నడిచాయి. మధ్యలో ఎక్కడా ఎవరూ ఎవర్నీ జరపనక్కర్లేదు. నాకు బంతి ఎంత నెమ్మదిగా వస్తున్నట్టు కనిపించిందంటే, దాని మీద గుంటలు కూడా కనిపించాయి. ఇక లోపలికి పోనివ్వదలుచుకోలేదు. ఆడపడుచుకి పట్టుదల పెరిగింది. జుట్టు ముడేసుకుని మళ్ళీ కొట్టింది. స్టిక్ విరుగుతుందేమో అనుకున్నాను. ఆపాను. దాని ముఖం చూడాలి! కోపంతో ఎర్రగా ఉంది, సంతోషంతో పళ్ళన్నీ కనిపిస్తున్నాయి.

ఒకటి మాత్రం వెళ్ళింది. అది గాలి.

చివరికి స్టిక్ కింద పడేసి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని రొప్పుతూ, "మొదటి మ్యాచ్‌కి మా వదినే!" అని అరిచింది. గీత బయట అందరూ చప్పట్లు కొట్టారు.

పొడుగమ్మాయి నా ప్యాడ్లు విప్పడానికి సాయం చేస్తూ, "అక్కా, బంతి రాకముందే మీ తుంటి తిరుగుతోంది. అదెలా? నాకూ చూపించండి," అంది. ఎంత మంచి పిల్ల. మొదటినుంచీ అంటూనే ఉన్నాను.

జూలై 31

సీజన్‌కి ముందు చివరిసారి మేడ మీదికి. ఇవాళ టప్ చప్పుళ్ళేమీ లేవు. అన్నీ కదిపి చూసి, "చెయ్యడానికేం లేదు, వెళ్ళి ఆడండి," అన్నాడు.

మ్యాచ్‌కి పిలిచాను. "తప్పకుండా వస్తాను. గుర్రాలుంటాయా?" అన్నాడు.

"అది పోలో అండీ."

"అయ్యో. మరి నేను ఇన్నాళ్ళూ మీరు గుర్రం మీంచి ఎడమకి వంగలేకపోతున్నారనుకున్నానే."

ఇతని చేతుల్లోనా నా వెన్నెముక పెట్టాను!

ఆగస్టు 3

ప్యాడ్లు తుడిచాను. రెండుసార్లు. భయమేం లేదు.

ఆగస్టు 4, ఆదివారం

అంతా రాసుకోవాలి. ఒక్కటి కూడా మర్చిపోకూడదు.

గ్యాలరీలో అత్తయ్య గొడుగుతో, మావారు నీళ్ళ సీసాతో, వాళ్ళ పక్కన రెండు సీట్లలో ఒక్కడే కైరోప్రాక్టరు. అసిస్టెంటమ్మ కూడా వచ్చింది. అవతలి జట్టులో ఫ్లిక్ చేసేది ఎర్ర బూట్లావిడ. పోయినేడు నన్ను ఏడిపించింది ఈవిడే. ఆట మొదలవకముందే నావైపు చూసి, తర్వాత నా ఎడమ స్తంభం వైపు చూసింది. దాచుకోను కూడా లేదు.

రెండో క్వార్టర్లో మా ఆడపడుచు గోల్ కొట్టింది. కొట్టడమంటే అదీ. వలలో బంతి గిరగిరా తిరిగింది. ఆ తర్వాత వాళ్ళు మా మీద పడ్డారు. మా సగంలోనే ఆట. మైదానం ఆ చివరిదాకా చూడ్డానికి తీరికే దొరకలేదు.

మొదటి పెనాల్టీ కార్నర్. ఎడమకే. కిక్కర్‌తో తన్నాను. రెండోది, ఎడమకే, ఈసారి మోకాలి ఎత్తున. గ్లవ్‌తో తోసేశాను. మూడోదానికి నా ముందున్న డిఫెండరు అడ్డొచ్చింది, బంతి ఆఖరి క్షణంలో కనిపించింది. మెడ తిరిగింది, కాలు వెళ్ళింది. ఎర్ర బూట్లావిడ నడుం మీద చేతులు పెట్టుకుని నావైపు చూస్తూ ఉండిపోయింది. సొంత ఇంటి తాళం చెవి పట్టక నిలబడ్డట్టు ఉంది ఆవిడ వాలకం. గ్యాలరీలోంచి పెద్ద గొంతు, "తుంటి చూడండి, ఆ తుంటి చూడండి!" అని. అత్తయ్య గొడుగుతో ఆయన్ని పొడవడం కూడా కనిపించింది.

ఆఖరి నిమిషంలో ఇంకో కార్నర్. హూటర్ మోగింది. టైమైపోయినా ఆ కార్నర్ పూర్తికావాలి. ఇది పడితే ఒకటి ఒకటి. ఆడపడుచు వచ్చి నా హెల్మెట్ జాలీకి నుదురు ఆనించి, "వదినా," అంది.

బంతి గీత మీంచి వచ్చింది, వాళ్ళలో ఒకరు ఆపారు, ఎర్ర బూట్లావిడ ఫ్లిక్‌కి వంగింది. నేను ఎడమకే సిద్ధంగా ఉన్నాను. రెండు నెలలుగా నా ఒంట్లో, ఇంట్లో, క్లినిక్‌లో ఉన్నదంతా ఎడమే. బంతి లేచింది. కుడికి. పైకి.

అసలు నాకు కుడివైపు ఒకటి ఉందనే మర్చిపోయాను.

నేనేం చేశానో నాకు తెలియదు. ఎడమకి వాలబోయిన ఒళ్ళు మధ్యలో మలుపు తిరిగింది. తిరగగలిగింది! కుడిచేతిలో స్టిక్ నా తల దాటి పైకి లేచింది. టక్కుమని చప్పుడు. బంతి స్టిక్ అంచుకి తగిలి, అడ్డకర్ర మీదుగా, వల వెనక్కి. నేను టర్ఫ్ మీద వెల్లకిలా పడ్డాను. ఆకాశం తప్ప ఏమీ కనిపించలేదు. తర్వాత అంపైర్ విజిల్. తర్వాత ఆకాశం కూడా కనిపించలేదు, జట్టంతా నా మీద పడింది. అందరికంటే ముందు పడింది పొడుగమ్మాయి, బెంచి దగ్గర్నుంచి పరిగెత్తుకొచ్చి.

గెలిచాం. గెలిచాం. గెలిచాం.

ఎర్ర బూట్లావిడ వచ్చి చెయ్యి కలిపింది. "కుడికి కొడితే పడుతుందనుకున్నాను. ఎక్కడ్నుంచొచ్చారండీ?" అంది. ఎడమ నుంచి అన్నాను. ఆవిడకి అర్థం కాలేదు. పర్వాలేదు.

ఆడపడుచు మాత్రం నా కిట్ సంచి తన భుజాన వేసుకుని కారుదాకా మోసింది. ఇన్నేళ్ళలో కెప్టెన్ ఎవరి సంచీ మొయ్యలేదు.

ఆగస్టు 5

పొద్దున లేవబోతే లేవలేకపోయాను. కాసేపు అలాగే పడుకుని ఒక్కొక్క చోటా చూసుకున్నాను. ఎడమ భుజం నొప్పి. కుడి భుజం నొప్పి. ఎడమ తుంటి, కుడి తుంటి. ఎడమ పిక్క, కుడి పిక్క. ఎక్కడా తేడా లేదు. ఒంటికి రెండు పక్కలా సమానంగా నొప్పి! ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

ఫోన్ మోగింది. ఆడపడుచు.

"బతికున్నావా వదినా? వచ్చే ఆదివారం పక్క ఊళ్ళో మ్యాచ్."

"బస్సు ఎన్నింటికి?" అన్నాను.